ఫ్యాను ఆగినప్పుడు, మిక్సీ మొరాయించినప్పుడు: డబ్బు తక్కువున్న నెలలో ఏ వరసలో చూసుకోవాలి

"మిక్సీ తిరగడం లేదు, బాగు చేయించాలా, కొత్తది కొనాలా?" అన్న ప్రశ్న నాకు వినబడని నెల లేదు. అడిగేవారు అది కొని ఎన్నేళ్లయిందో చెబుతారు, ఏ కంపెనీదో చెబుతారు, కొత్తది ఎంతలో వస్తుందో కూడా అప్పటికే ఆరా తీసి ఉంటారు. అది మూలిగి ఆగిందా, చప్పుడే లేకుండా ఆగిందా అని నేను తిరిగి అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు. ఖర్చు తేలేది ఆ తేడాలోనే. మూలుగుతూ తిరగని ఫ్యానుకు వంద రూపాయల లోపు దొరికే కండెన్సర్ (మోటారు కదలడం మొదలుపెట్టడానికి తోడ్పడే చిన్న భాగం) మారిస్తే సరిపోవచ్చు; కాలిన వాసన వచ్చి ఆగిన ఫ్యానుకు వైండింగ్, అంటే మోటారు లోపలి తీగ చుట్టలు, మళ్లీ కట్టించవలసి రావచ్చు.

ఆ తేడా నాకు డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. కొన్నేళ్ల క్రితం వేసవిలో మా పడకగది ఫ్యాను ఆగితే విజయనగరంలో ఒక షాపుకు పంపించాము. వైండింగ్ పోయిందని చెప్పి 550 రూపాయలు తీసుకున్నారు. ఫ్యానును తిరిగి బిగించే ముందు చూస్తే కండెన్సర్ ఒక్కటే కొత్తగా మెరుస్తోంది. మోటారు మూత స్క్రూల మీద కంపెనీ వేసిన రంగు పొర చిట్లనే లేదు. మూత తీయకుండా వైండింగ్ ఎలా కడతారు? అడుగుదామంటే చేతిలో బిల్లు లేదు. అప్పటినుంచి ఏ వస్తువు ఆగినా, బయటికి పంపే ముందు కింద చెప్పిన వరసలో చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

మెకానిక్ పనంతా మనమే చేయాలని కాదు. మనం చూడగలిగినంత చూసి, మిగిలినది ఏమిటో తెలిసి అతని దగ్గరకు వెళ్లడానికే ఇదంతా.

కావలసినవి

- టెస్టర్ ఒకటి, స్క్రూడ్రైవర్లు రెండు (ఒకటి చదునైనది, ఒకటి నక్షత్రం మొనది). పిడి పగిలినవి వాడకూడదు.
- ఇన్సులేషన్ టేపు.
- పొడి రబ్బరు చెప్పులు, కదలని స్టూలు, ఆ స్టూలును పట్టుకోవడానికి ఒక మనిషి.
- పని చేస్తుందని ఖాయంగా తెలిసిన టేబుల్ లాంపు. లేకపోతే ఫోన్ ఛార్జరు చాలు.
- విప్పే ముందు వైర్లను ఫొటో తీసుకోవడానికి ఫోను.
- ఒక నోటు పుస్తకం. వస్తువు కొన్న తేదీ, వారంటీ గడువు, ఎప్పుడు ఏమి పాడైంది, ఎంత పెట్టాము అన్న నాలుగు ముక్కలు అందులో ఉంటే చాలు.

మల్టీమీటర్ ఉంటే మంచిదే గానీ ఈ పనుల కోసం ప్రత్యేకంగా కొననక్కరలేదు.

1. ఆగిన వెంటనే స్విచ్చు కట్టండి, మళ్లీ మళ్లీ వేయకండి

అందరూ చేసే మొదటి తప్పు ఇదే. ఆగిన వస్తువును "ఏమో, తిరుగుతుందేమో" అని నాలుగైదు సార్లు వేసి చూస్తారు. మోటారు తిరగకుండా కరెంటు మాత్రం లాగుతూ ఉంటే వైండింగ్ వేడెక్కి, అప్పటిదాకా బాగానే ఉన్నది కూడా కాలిపోతుంది. చిన్న ఖర్చు పెద్ద ఖర్చయ్యేది చాలా ఇళ్లలో ఈ నాలుగైదు ప్రయత్నాలలోనే.

స్విచ్చు కట్టి, ప్లగ్ తీసి, ఆగే ముందు ఏమి జరిగిందో పుస్తకంలో రాయండి: వాసన వచ్చిందా, చప్పుడు మారిందా, మెరుపు కనిపించిందా, వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉందా. అరగంట గడిస్తే వివరాలు కలగాపులగమవుతాయి.

కాలిన వాసన గట్టిగా వచ్చినా, వస్తువును ముట్టుకుంటే జివ్వుమన్నా, ఎమ్‌సీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతట అది ఆగే స్విచ్చు) పడిపోయినా, మిగతా మెట్లు వదిలిపెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. షాక్ కొట్టే వస్తువు విషయంలో పొదుపు పనికిరాదు.

2. గోడ దగ్గర మొదలుపెట్టి మోటారు వైపు రండి

వరస ఇది: ముందు సాకెట్టు, తరువాత ప్లగ్, ఆ తరువాత వైరు, చివరికి వస్తువు.

ఆ సాకెట్టులో టేబుల్ లాంపు పెట్టి చూడండి. వెలగకపోతే తప్పు వస్తువుది కాదు. వెలిగితే వస్తువును మరో గదిలోని సాకెట్టులో పెట్టి చూడండి. అక్కడ పని చేస్తే మొదటి సాకెట్టు లోపల ప్లగ్గును పట్టుకునే ఇత్తడి పత్తీలు వదులైపోయి ఉంటాయి. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి సముద్రపుటూళ్లలో ఇది మరీ ఎక్కువ. ఉప్పుగాలికి ఇత్తడి పచ్చబడి ప్లగ్గుకు సరిగా అంటుకోదు. అంటీ అంటకుండా ఉన్నచోట నిప్పురవ్వ పుట్టి ప్లాస్టిక్ నల్లబడుతుంది. అటువంటి సాకెట్టును రుద్ది శుభ్రం చేసే కంటే మార్చడమే చవక.

తరువాత వైరు. ప్లగ్ దగ్గర, వస్తువులోకి దూరే చోట, ఈ రెండింటి దగ్గరే అది ఎక్కువగా తెగుతుంది. ఇస్త్రీపెట్టె వైరు మడత పడే చోట పై తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపలి రాగి తీగలు మాత్రం ఒక్కొక్కటే తెగి ఉంటాయి. ప్లగ్ తీసి ఆ చోట వేళ్లతో వంచి చూడండి, మిగతా వైరుకన్నా మెత్తగా, చచ్చుగా వంగితే అక్కడే తెగిందని అర్థం. టేపు చుట్టి నడిపించవద్దు. వైరు మొత్తం మార్పించండి. ఇస్త్రీపెట్టెకు మూడు తీగల వైరే వేయించాలి, ఎర్త్ తీగ వదిలేసి రెండు తీగలతో కలిపి ఇచ్చేవారు ఉన్నారు.

ఒక హెచ్చరిక. పాత ఇళ్లలో కొన్నిచోట్ల స్విచ్చును కరెంటు వచ్చే ఫేజు తీగ మీద కాకుండా, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ మీద పెట్టేసి ఉంటారు. అక్కడ స్విచ్చు కట్టినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. అందుకే గోడకు, పైకప్పుకు బిగించిన దేన్ని విప్పాలన్నా మెయిన్ కట్టాలి. కట్టాక టెస్టర్‌తో చూడాలి, ఆ టెస్టర్ పని చేస్తోందో లేదో అంతకుముందే వెలుగుతున్న సాకెట్టులో పెట్టి చూసుకుని ఉండాలి.

3. ఫ్యాను

మన ఇళ్లలో తరచు ఆగేదీ, సులువుగా బాగయ్యేదీ ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

అన్ని గదుల ఫ్యాన్లూ నెమ్మదించాయా అన్నది మొదట చూడండి. వేసవి రాత్రుల్లో ఊరంతా ఫ్యాన్లూ ఏసీలూ వేసుకున్నప్పుడు వోల్టేజి పడిపోతుంది, ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి నీరసిస్తాయి. అది ఫ్యాను జబ్బు కాదు, దానికి మందు మన దగ్గర లేదు. ఒక్క ఫ్యానే నెమ్మదిస్తే రెగ్యులేటర్‌ను 5 మీద పెట్టండి. 5 మీద మాత్రమే తిరిగి, మిగతా నంబర్ల మీద ఆగిపోతే పోయింది రెగ్యులేటర్.

5 మీద కూడా మూలుగుతూ తిరగకపోతే, స్విచ్చు వేసి ఉంచి, పొడి కర్రతో రెక్కను మెల్లగా ఒక్కసారి తోయండి. చేత్తో తోయవద్దు. తోశాక తిరగడం మొదలుపెడితే కండెన్సర్ పోయినట్టే అనుకోవచ్చు. తోసినా బరువుగా కదిలి ఆగిపోతే బేరింగు పట్టేసింది. అసలు మూలుగే లేకపోతే వైరింగు గానీ వైండింగ్ గానీ పోయి ఉండాలి.

కండెన్సర్ మార్చే పద్ధతి:

క) మెయిన్ కట్టండి. స్టూలు కింద మనిషిని నిలబెట్టండి. ఫ్యాను రాడ్డుకు ఉన్న గిన్నెలాంటి కప్పు స్క్రూ వదులు చేసి కిందికో పైకో జరపండి. చాలా ఫ్యాన్లలో కండెన్సర్ అక్కడే ఉంటుంది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగా, నల్లగానో తెల్లగానో.

ఖ) ఏమీ ముట్టుకోకుండా ఫొటో తీయండి. ఏ రంగు తీగ దేనికి కలిసిందో రెండు కోణాల్లో కనబడాలి.

గ) మెయిన్ కట్టినా కండెన్సర్‌లో కరెంటు నిలవ ఉండవచ్చు. పిడి మంచిగా ఉన్న స్క్రూడ్రైవర్ మొనను దాని రెండు తీగల చివరలకూ ఒకేసారి తాకించండి. చిటుక్కుమంటే భయపడకండి, ఉన్నది ఖాళీ అయింది.

ఘ) దాని మీద ఉన్న అంకె చదవండి. మామూలు ఇంటి ఫ్యానుకు చాలావరకు 2.5 మైక్రోఫారడ్లు, 440 వోల్టులు అని ఉంటుంది. పాత కండెన్సర్‌నే షాపుకు పట్టుకెళ్లి అదే అంకెది అడగండి. "పెద్దది వేసుకోండి, ఫ్యాను జోరుగా తిరుగుతుంది" అని ఎవరైనా చెబితే వినకండి. పెద్ద అంకెది వేస్తే కొన్నాళ్లు జోరు కనిపిస్తుంది, వైండింగ్ వేడెక్కి మోటారు ఆయుష్షు తగ్గుతుంది.

ఙ) ఫొటో చూసుకుంటూ తీగలు కలిపి, ఒక్కొక్క కలయికకు విడివిడిగా టేపు చుట్టి, కప్పు బిగించండి. తీగ ఏదీ రాడ్డు అంచుకు రాసుకోకూడదు.

ఫలితం ఎలా చూడాలి? స్విచ్చు వేశాక తోయకుండానే కదలాలి, కొన్ని క్షణాల్లోనే పూర్తి వేగం అందుకోవాలి. వెనక్కు తిరిగితే తీగలు తారుమారు అయ్యాయి. మెయిన్ కట్టి ఫొటో మళ్లీ చూడండి. ఒక గంట నడిపాక మెయిన్ కట్టి మోటారు డిప్ప మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి నిలవనంత వేడి ఉంటే లోపల వైండింగ్ కూడా దెబ్బతిని ఉండవచ్చు.

రెక్కలు ఊగితే అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కొలవండి. గోడ అంచు నుంచి ఒక కర్ర చాపి, మూడు రెక్కల కొనలనూ ఒక్కొక్కటే దాని దగ్గరకు తెస్తే తేడా తెలిసిపోతుంది. ఫ్యాను తుడిచేటప్పుడు ఒక రెక్క పట్టుకుని వేలాడినట్టు తుడిచేవారి ఇంట్లో ఈ ఊపు తప్పదు.

తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఇదేదీ వర్తించదు. వాటిలో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, వారంటీలో ఉండగా స్క్రూ కూడా తాకవద్దు. "అన్నీ తీసేసి ఆ ఫ్యాన్లే వేసుకోవచ్చా" అని అడుగుతారు కనుక లెక్క చూద్దాం. పాత ఫ్యాను 75 వాట్లు, ఇది 30 వాట్లు అనుకుంటే, రోజుకు పది గంటల చొప్పున నెలకు మిగిలేది 13.5 యూనిట్లు. మీ బిల్లులో చివరి స్లాబు యూనిట్ ధర 6 రూపాయలైతే నెలకు 81 రూపాయలు. కొత్త ఫ్యానుకు 2,500 పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి ముప్పై నెలలు పైనే పడుతుంది, ఏడాది పొడుగునా వాడితేనే. తిరుగుతున్న ఫ్యానును దాని కోసం తీసేయడం నాకు సబబనిపించదు. వైండింగ్ కాలిన ఫ్యాను స్థానంలోనైతే తప్పక ఆలోచించవచ్చు.

4. మిక్సీ

మిక్సీ చప్పుడే లేకుండా ఆగితే దాన్ని తిరగేసి అడుగున చూడండి. ఎర్రటి చిన్న బొత్తం ఉంటుంది. మోటారు మీద భారం ఎక్కువైనప్పుడు అది బయటికి తన్ని కరెంటును ఆపుతుంది. పాడైపోయిందని సంచిలో పెట్టుకుని షాపుకు వచ్చే మిక్సీల్లో ఈ బొత్తం నొక్కగానే తిరిగేవి ఉంటాయి. ప్లగ్ తీసి, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, అప్పుడు నొక్కండి. వేడిగా ఉండగానే నొక్కి, మళ్లీ అదే పిండి అదే జారులో వేసి నడిపితే రెండోసారి బొత్తం కాదు, మోటారే పోతుంది.

బొత్తం ఎందుకు తన్నిందో కూడా చూడాలి. దిబ్బరొట్టెకు మినప్పప్పు గట్టిగా రుబ్బేటప్పుడు నీళ్లు తగ్గించి ఆపకుండా నడపడం, జారును అంచుదాకా నింపడం, ఎండు పసుపుకొమ్ములు వేయడం, ఇవే మామూలు కారణాలు. పనసపొట్టు కూరకు రెండు చెంచాల ఆవ నూరడానికి పెద్ద జారు వాడేవారు ఉన్నారు. ఆవాలు బ్లేడుకు అందక అడుగున తిరుగుతూనే ఉంటాయి, మిక్సీ వేడెక్కుతూనే ఉంటుంది. చిన్న జారు లేకపోతే ఆ రెండు చెంచాలకు రోలు తీయడమే నయం.

మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే కప్లర్ (మోటారును జారుతో కలిపే పళ్ల బిళ్ల) పళ్లు అరిగాయి. జారు అడుగున ఒకటి, మోటారు మీద ఒకటి ఉంటాయి. రెండింటినీ వెలుగులో చూడండి. పళ్లు పదునుగా కాకుండా గుండ్రంగా అరిగి ఉంటే మార్చాలి. మోటారు మీది కప్లర్‌ను చాలామంది మామూలు మరలాగా అపసవ్య దిశలో తిప్పి, రాక, సుత్తి పుచ్చుకుంటారు. అది బ్లేడు తిరిగే దిశలోనే తిప్పితే ఊడుతుంది, పని చేసేటప్పుడు దానంతట అది బిగిసేలా మర వేస్తారు కాబట్టి. అడుగు నుంచి మోటారు కదురును (మధ్యలో తిరిగే ఇరుసును) కదలకుండా పట్టుకునే వీలుంటేనే ప్రయత్నించండి. లేకపోతే షాపులోనే తీయించండి, అయిదు నిమిషాల పని.

బ్లేడు చేత్తో తిప్పినా బిగుసుకుని ఉంటే జారులోని బుష్ (బ్లేడు కదురు తిరిగే చిన్న గొట్టం) పట్టేసింది. గోరువెచ్చని నీళ్లలో జారు అడుగును పావుగంట ఉంచి, తుడిచి, కదురు చుట్టూ రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి, కప్లర్‌ను అటూ ఇటూ తిప్పండి. కత్తుల మీద చెయ్యి పెట్టకండి, కింది నుంచి తిప్పండి. వదులయ్యాక ఉత్త నీళ్లతో రెండుసార్లు నడిపి పారబోయండి. జారు అడుగు నుంచి నల్లటి జిడ్డు కారుతుంటే మాత్రం ఈ చిట్కా చాలదు. బుష్షు, వాషరు మార్చేదాకా ఆ జారులో తినేది ఏదీ వేయకూడదు.

గాలి సందుల్లోంచి పెద్ద పెద్ద నిప్పురవ్వలు కనిపించి, మిక్సీ ఆగి ఆగి తిరుగుతుంటే, తిరిగే మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి. జత తక్కువ ధరకే దొరుకుతుంది. ఒకటి మాత్రమే మార్చమని అనకండి, రెండూ కలిపి మార్చాలి. ఇవి బాగు చేయించే లోపు మోటారు వారంటీ కాగితం వెతకండి. మొత్తం మిక్సీకి ఉన్న గడువు కన్నా మోటారుకు ఎక్కువ ఏళ్లు ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి, ఆ కాగితం పోపుల డబ్బా కిందో దేవుడి గూట్లోనో ఉంటుంది.

5. ఫ్రిజ్

ఫ్రిజ్ విషయంలో మనం చేయగలిగింది తక్కువ, చెడగొట్టగలిగింది ఎక్కువ. ఆ చెడగొట్టినవారిలో నేనూ ఉన్నాను. పై అరలో మంచు గడ్డకట్టి పాలగిన్నె ఇరుక్కుపోతే అట్లకాడ మొనతో పొడిచాను. బుస్సుమని సన్నటి చప్పుడు వచ్చింది. మంచు వెనక ఉన్న పల్చటి అల్యూమినియం గొట్టానికి చిల్లు పడింది, గ్యాసంతా పోయింది. అతుకు వేయించి గ్యాసు నింపించడానికి అయిన డబ్బుతో ఆ నెల బియ్యం వచ్చి ఉండేవి. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే గ్యాసు మండే గుణం ఉన్నది కూడా. మంచును కరగనివ్వాలి, పొడవకూడదు. ప్లగ్ తీసి, తలుపు తెరిచి, లోపల వేడినీళ్ల గిన్నె పెట్టి, కింద పాత గుడ్డలు పరిస్తే రెండు మూడు గంటల్లో అదే జారిపోతుంది.

చల్లదనం తగ్గిందనిపిస్తే మెకానిక్‌కు ఫోను చేసే ముందు ఈ మూడూ చూడండి.

తలుపు రబ్బరు: ఒక పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి మూసి, లాగండి. బిగువుగా రావాలి. చుట్టూ నాలుగు వైపులా ఇలా చూస్తే ఎక్కడ వదులుగా ఉందో తెలుస్తుంది. అక్కడ సబ్బునీళ్లతో జిడ్డు తుడిచి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెడితే రబ్బరు మెత్తబడి చాలాసార్లు మళ్లీ అతుక్కుంటుంది.

వెనకభాగం: గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్ వేడిని బయటికి పంపలేదు. జానెడు కాకపోయినా కనీసం బెత్తెడు ఎడం ఉంచండి. వెనక నల్లటి జాలీ ఉంటే ప్లగ్ తీసి మెత్తటి చీపురుతో దుమ్ము దులపండి.

చప్పుడు: కంప్రెసర్ దగ్గర టక్కుమని, కొన్ని క్షణాలు మూలిగి, మళ్లీ టక్కుమని ఆగిపోతుంటే ప్లగ్ తీసేయండి. వోల్టేజి చాలకపోయినా ఇలాగే అవుతుంది, కంప్రెసర్‌ను మొదలుపెట్టించే చిన్న భాగం, రిలే, పోయినా ఇలాగే అవుతుంది, కంప్రెసర్ పోయినా ఇలాగే అవుతుంది. వీటిలో రిలే అతి చవక, కంప్రెసర్ అతి ఖరీదు. "కంప్రెసర్ పోయిందమ్మా" అన్న మాట వింటే "రిలే మార్చి చూశారా" అని ఒక్క ప్రశ్న వేయండి.

బాగయ్యాక చూసే పద్ధతి: ఒక గ్లాసు నీళ్లు కింది అరలో, ఒక చిన్న గిన్నెలో నీళ్లు పై ఫ్రీజరులో పెట్టండి. మరుసటి ఉదయానికి గిన్నెలోవి గడ్డకట్టాలి, గ్లాసులోవి చల్లగా మాత్రమే ఉండాలి.

డబ్బు సర్దుబాటయ్యే దాకా ఫ్రిజ్ లేకుండా గడపడం కష్టమే గానీ అసాధ్యం కాదు. వెడల్పాటి మట్టి మూకుడులో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, తడిగుడ్డ కప్పితే కూరగాయలు రెండు రోజులు వాడిపోకుండా ఉంటాయి. పాలు పూటకోసారి కాచాలి, పెరుగు ఏ రోజుది ఆ రోజు తోడు వేయాలి. ఇన్సులిన్ వంటి మందులు ఇంట్లో ఉంటే మాత్రం ఇది చాలదు, పక్కింటి ఫ్రిజ్‌ను అడగడానికి మొహమాటపడవద్దు.

6. మిగతావి, క్లుప్తంగా

కుక్కరు ఆవిరి వదులుతుంటే ముందు రబ్బరును తీసి తిరగేసి పెట్టి చూడండి. అంచుల్లో పగుళ్లు ఉంటే మార్చండి. సేఫ్టీ వాల్వు పోతే అదే కంపెనీది, అదే మోడలుది వేయాలి. దాని స్థానంలో నాణెమో, రేకు ముక్కో, వేరే కుక్కరుదో పెట్టడమంటే పొయ్యి మీద బాంబు పెట్టడమే.

గ్యాసు పొయ్యి మంట పసుపుపచ్చగా, పొగగా వస్తే బర్నర్ రంధ్రాలను సన్నటి పిన్నుతో శుభ్రం చేయండి. గొట్టం లీకు సబ్బునీళ్లతోనే చూడాలి, అగ్గిపుల్లతో కాదు. లీకు ఉంటే రెగ్యులేటర్ కట్టి, కిటికీలు తెరిచి, స్విచ్చులేవీ ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

నీళ్లు కాచే రాడ్డు షాక్ కొట్టిందంటే దానికి రిపేరు లేదు. పారేయండి.

7. తుఫాను, వోల్టేజి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటికీ ఇది ప్రత్యేకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఊళ్లలోనైతే చీకటి మరీ ఎక్కువ రోజులు నిలిచింది. గాలివానకు తట్టుకున్న వస్తువులు కరెంటు తిరిగి వచ్చినప్పుడు పోయిన ఇళ్లు నాకు తెలుసు. గాలి మొదలవగానే ప్లగ్గులన్నీ తీసేయండి, స్విచ్చు కడితే చాలదు. కరెంటు వచ్చాక ఒక్క బల్బు మాత్రమే వేసి కొంతసేపు గమనించండి. ఒక గదిలో బల్బు కళ్లు చెదిరేలా వెలిగి మరో గదిలో మినుకుమినుకుమంటే, లేదా మీ ఇంట్లో మరీ ఎక్కువగా, పక్కింట్లో మరీ తక్కువగా వెలిగితే, లైనులో న్యూట్రల్ తెగి ఉండవచ్చు. అప్పుడు 230 వోల్టులు రావలసిన ఇంటికి అంతకు చాలా ఎక్కువ రావచ్చు. వెంటనే మెయిన్ కట్టి 1912కు ఫిర్యాదు చేయండి. అంతా నిలకడగా ఉందనిపించాకే ఫ్రిజ్ పెట్టండి. మామూలు కోతల తరువాత కూడా ఫ్రిజ్‌కు అయిదు నిమిషాల విరామం ఇవ్వాలి.

8. డబ్బు లెక్క

ఒకే నెలలో మూడు వస్తువులు ఆగితే ఏది ముందు? మా ఇంట్లో ఒక మే నెలలో ఇదే జరిగింది. ఫ్యాను, మిక్సీ, ఫ్రిజ్ మూడూ మొరాయించాయి, రిపేరుకు తీయగలిగినది 1,200 రూపాయలు. ఫ్యాను కండెన్సర్‌కు 70, మిక్సీ కప్లర్‌కూ బుష్షుకూ కలిపి 180 అయ్యాయి. ఫ్రిజ్ చూసి జబ్బు చెప్పినందుకు మెకానిక్‌కు 250. గ్యాసు నింపడానికి 2,400 అన్నాడు. మిగిలిన 700ను రిపేరు డబ్బాలో వేసి, ఫ్రిజ్‌ను జూలై దాకా అలాగే ఉంచాము. అప్పు చేసి ఆ వారమే చేయించి ఉంటే వడ్డీ ఒకటి, ఆ తొందరలో బేరమాడలేకపోవడం ఒకటి, రెండు నష్టాలు.

నేను పాటించే వరస: ప్రాణానికి ముప్పు తెచ్చేది (షాక్, గ్యాసు లీకు) ఆ రోజే, నిద్రకూ వంటకూ అడ్డుపడేది ఆ వారంలో, సౌకర్యం మాత్రమే తగ్గించేది డబ్బు కూడినప్పుడు. నెలకు 200 అయినా రిపేరు పేరు మీద పక్కన పెట్టగలిగితే ఏడాదికి 2,400 అవుతుంది, అది ఒక మోస్తరు ఫ్రిజ్ రిపేరు. డబ్బాను చీటీల డబ్బుతో కలపకండి.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నదానికి నా కొలత ఇది: రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటి, ఏడాదిలో అదే వస్తువుకు అది రెండో రిపేరు అయితే ఆపేస్తాను. రెండింటిలో ఒకటే అయితే బాగు చేయిస్తాను. పుస్తకం రాసి ఉంచకపోతే ఈ కొలత పని చేయదు, "మొన్ననే కదా చేయించాము" అన్న మొన్న రెండేళ్ల క్రితంది అయి ఉంటుంది.

కొనవలసే వస్తే, పాతది ఇచ్చి కొత్తది పుచ్చుకునే బేరంలో ముందుగా పాతది ఉందని చెప్పకండి. ఉత్త ధర అడిగి, తగ్గించగలిగినంత తగ్గించాక, అప్పుడు పాతదాని మాట ఎత్తండి. కిస్తీలకు వడ్డీ లేదన్నప్పుడు ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ఒకేసారి కడితే ధర ఎంతో అడిగి రెండూ కాగితం మీద రాయించండి.

9. షాపులో అడగవలసినవి, తెచ్చుకునే ముందు చూడవలసినవి

ఇచ్చేటప్పుడు లక్షణం చెప్పండి, జబ్బు పేరు చెప్పకండి. "మూలుగుతోంది, తోస్తే తిరుగుతోంది" అనండి చాలు. విప్పి చూసినందుకు ఎంత, బాగు చేయకుండా వెనక్కు తీసుకుంటే ఎంత అన్నది ముందే తేల్చుకోండి. మార్చిన పాత భాగం తిరిగి ఇమ్మని ఇచ్చేటప్పుడే చెప్పండి. తీసుకునేటప్పుడు చెబితే "ఎక్కడో పడేశామమ్మా" అంటారు. నాకు నమ్మకమైన మెకానిక్ విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక ఇరుకు సందులో ఉంటాడు. అతను అడగకముందే పాత ముక్కను కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు. "ఇదేటమ్మా, ఇంత ముక్కకి మిక్సీ మార్సేత్తారేటి?" అని నవ్వుతాడు.

తీసుకునేటప్పుడు అక్కడే పది నిమిషాలు నడిపించి చూడండి. మిక్సీని ఉత్త జారుతో కాదు, కొన్ని నీళ్లు పోసి నడపాలి. వైండింగ్ కట్టామంటే మోటారు స్క్రూల రంగు చూడండి. ఏ భాగం మార్చారో, దానికి ఎన్ని నెలల గ్యారంటీయో రాసి, తేదీ వేసి బిల్లు ఇమ్మనండి.

బిల్లు ఉండి కూడా మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే ఫిర్యాదు ఇవ్వవచ్చు, రెండేళ్ల లోపు ఇవ్వాలి. బిల్లూ, పాత ముక్కా, మొదట తీసిన ఫొటో, ఈ మూడూ జతచేయండి. నా 550 రూపాయల ఫ్యానుకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.